కవాసాకి: బైకు, ఓడ, షింకాన్‌సెన్, రోబో... ఇవన్నీ చేసే కంపెనీలో ఒక విభాగం పని ఇంకోదానికి నిజంగా పనికొస్తుందా?

మెకానికల్_మధు
మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా బ్యాచ్‌లో వారం నుంచి ఒకటే గొడవ. కవాసాకి అంటే నింజా బండ్ల కంపెనీ అని, ఓడలూ గీడలూ దానికి తోకలని మా వాళ్ళ వాదన. నేను చదివినంతలో లెక్క తారుమారు. కోబేలో ఓడలు కట్టడానికి 1896లో పెట్టిన కంపెనీ అది. ఇప్పుడు జలాంతర్గాములు, గ్యాస్ మోసే ఓడలు, షింకాన్‌సెన్ (జపాన్ బుల్లెట్ రైలు) పెట్టెలు, న్యూయార్క్ సబ్‌వే రైళ్ళు, హెలికాప్టర్లు, సైనిక రవాణా విమానాలు, గ్యాస్ టర్బైన్లు, ఫ్యాక్టరీ రోబోలు, పొక్లెయిన్లలో పెట్టే హైడ్రాలిక్ పంపులు, అన్నీ చేస్తుంది. బైకులు ఈ వరసలో చాలా ఆలస్యంగా వచ్చాయి.

నా ప్రశ్న ఇది. ఇవన్నీ ఒకే గొడుగు కింద ఉంటే ఇంజినీరింగ్‌పరంగా ఏమైనా లాభం ఉందా? లేక పేరు ఒకటి పెట్టుకున్న పది వేర్వేరు కంపెనీలా? ఒక విభాగంలో నేర్చుకున్నది ఇంకో విభాగంలో వాడిన ఉదాహరణలు తెలిస్తే చెప్పండి. లోగో, బ్రాండు కబుర్లు వద్దు. సెమినార్‌కి కూడా పనికొస్తుంది.

పాతబండి_ప్రసాద్
తమ్ముడూ, నీకు కావలసిన ఉదాహరణ బైకులోనే ఉంది. నింజా హెచ్2. 998 సీసీ ఇంజిన్, దానికి సూపర్‌ఛార్జర్, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం. కావాలంటే సూపర్‌ఛార్జర్‌ని బయట కొనుక్కోవచ్చు. వీళ్ళు గ్యాస్ టర్బైన్ విభాగం, విమాన విభాగం ఇంజినీర్లని కూర్చోబెట్టి సొంతంగా డిజైన్ చేయించారు. లోపల తిరిగే ఇంపెల్లర్ (గాలిని నొక్కే రెక్కల చక్రం) వ్యాసం 69 మిల్లీమీటర్లే. ఒకే అల్యూమినియం దిమ్మని ఐదు అక్షాల మెషీన్‌లో చెక్కుతారు. పైన 6 రెక్కలు, కిందికి వచ్చేసరికి 12. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే అది తొమ్మిది చుట్లకి పైగా తిరుగుతుంది. అంటే ఇంజిన్ 14,000 ఆర్‌పీఎం మీద ఉంటే ఇంపెల్లర్ దాదాపు 1,30,000. గాలి అంత వేడెక్కకుండా నొక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే భాగం) లేకుండానే నడిపారు. టర్బైన్ బ్లేడ్లు గీసిన చేతులు కాకపోతే అది కుదిరేది కాదు.

రైలుపట్టాలు
+1 ప్రసాద్ అన్నా. ఆ రేసు రకం హెచ్2ఆర్ మీదే టర్కీ రేసర్ కెనాన్ సోఫువోగ్లు 2016లో టర్కీలో ఉస్మాన్‌గాజీ వంతెన మీద 400 కి.మీ. వేగం అందుకున్నాడు. ఆ వంతెన కట్టింది ఇంకో జపాన్ భారీ పరిశ్రమల కంపెనీ, ఐహెచ్‌ఐ. ఒక కంపెనీ బండి, దాని పోటీ కంపెనీ వంతెన.

షేర్ల_సుబ్బారావు
ఒక్క సూపర్‌ఛార్జర్ చూపించి వందేళ్ళ వ్యాపారాన్ని సమర్థిస్తే ఎలా? హెచ్2 ఎన్ని అమ్ముడవుతాయి? అది షోకేసు బండి. కంపెనీకి డబ్బులు తెచ్చేది మామూలు బైకులు, నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండ్లు. వాటికి జలాంతర్గామితో ఏం పని?

పైగా 2021 అక్టోబరులో బైకుల విభాగాన్ని కవాసాకి మోటార్స్ అని, రైళ్ళ విభాగాన్ని ఇంకో కంపెనీ అని విడగొట్టారు. కలిసి ఉంటే అంత లాభమైతే ఎందుకు విడగొట్టినట్టు?

పాతబండి_ప్రసాద్
సుబ్బారావు గారూ, విడగొట్టినప్పుడు వాటా మొత్తం మాతృసంస్థ దగ్గరే ఉంచుకున్నారు. ఇల్లు మారలేదు, గదికి తలుపు పెట్టారు, అంతే. నిర్ణయాలు త్వరగా తీసుకోవాలని.

అసలు బైకులు ఎలా మొదలయ్యాయో చూడండి. యుద్ధకాలంలో కవాసాకి ఫైటర్ విమానాలు తయారుచేసింది. ఓడిపోయాక 1945లో జపాన్‌లో విమానాల తయారీ నిషేధించారు. విమాన ఇంజినీర్లకి పని లేదు. చేతిలో మెషీన్లున్నాయి, మనుషులున్నారు. 1953లో 148 సీసీ బైకు ఇంజిన్ తీశారు. 1969లో ఓడల కంపెనీ, రైళ్ళ కంపెనీ, విమానాల కంపెనీ మూడూ కలిసి కవాసాకి హెవీ ఇండస్ట్రీస్ అయ్యేదాకా బైకులు చేసింది కవాసాకి ఎయిర్‌క్రాఫ్ట్ అనే విమాన కంపెనీయే. 1972లో వచ్చిన 903 సీసీ జెడ్1 ఇంజిన్ విప్పి చూసిన వాళ్ళకి అది ఎవరి చేతి పనో చెప్పక్కర్లేదు.

హుడిబాబా_2003
మన దగ్గర కవాసాకి అంటే బజాజ్ ట్యాంకు మీద రాసి ఉండే పేరే కదా. కేబీ 100, తర్వాత 4ఎస్ ఛాంపియన్, బాక్సర్, క్యాలిబర్. మా నాన్న ఛాంపియన్ మీద ముగ్గురం పిల్లలం, అమ్మ, నాన్న, ముందు పాల క్యాన్. అలాగే తెనాలి నుంచి అమ్మమ్మ ఊరు. ఆ ఇంజిన్ ఎప్పుడూ మొరాయించలేదు. జలాంతర్గాములు చేసేవాళ్ళదని అప్పుడు తెలిస్తే బడిలో ఎంత గొప్పలు పోయేవాడినో 😄

ఆటోనగర్_రఫీ
బైకులు వదిలేయండి. నేను బెజవాడ ఆటోనగర్‌లో పొక్లెయిన్ పంపులు విప్పి బాగుచేస్తాను. మా షెడ్డుకి ఏ కంపెనీ బండి వచ్చినా, ఇరవై టన్నుల తరగతి అయితే చాలాసార్లు లోపల దొరికేది కవాసాకి కే3వీ 112 పంపే. బండి కొరియాదైనా, జపాన్‌దైనా, స్వీడన్‌దైనా పంపు ఇదే. బయట పసుపు రంగు, నీలం రంగు మారుతుంది, గుండెకాయ ఒక్కటే.

విప్పితే రెండు పంపులు వీపుకి వీపు ఆనించి ఉంటాయి. ఒక్కోదాంట్లో 9 పిస్టన్లు. పిస్టన్ కాలికి ఇత్తడిలాంటి బూటు. ఆ బూట్లు వాలుగా ఉన్న ప్లేటు మీద జారుతూ తిరుగుతాయి. ప్లేటు వాలు పెంచితే ఆయిల్ ఎక్కువ, తగ్గిస్తే తక్కువ. ఆపరేటర్ బకెట్ మట్టిలోకి గుచ్చినప్పుడు బరువు పెరిగితే పంపు తనంతట తానే వాలు తగ్గించుకుని ఇంజిన్ ఆగిపోకుండా కాపాడుతుంది. వాల్వ్ ప్లేటు (ఆయిల్ వచ్చిపోయే దారులున్న ప్లేటు) మీద గోటికి తగిలేంత గీత పడినా చాలు, ఆయిల్ లోపలే కారిపోయి బూమ్, అంటే బండి పెద్ద చెయ్యి, లేవదు. అంత నున్నగా ఉండాలి.

మధూ, నీ ప్రశ్నకి జవాబు ఇందులోనూ ఉంది. కవాసాకి వాళ్ళ హైడ్రాలిక్ పని మొదలైంది ఓడల్లో. అంత పెద్ద ఓడ చుక్కానిని మనిషి చేత్తో తిప్పలేడు, దానికి హైడ్రాలిక్ యంత్రం కావాలి. వందేళ్ళ కిందట చుక్కాని కోసం నేర్చుకున్న పని ఇవాళ మన చెరువుల్లో పూడిక తీస్తోంది. బెంగళూరు దగ్గర విప్రోతో కలిసి పెట్టిన ప్లాంటులో ఈ పంపులు మన దేశంలోనే తయారవుతున్నాయి.

మెకానికల్_మధు
రఫీ అన్నా, ఇది అసలు ఊహించలేదు. ఆ వాలు ప్లేటు, అంటే స్వాష్ ప్లేటు గురించి పుస్తకంలో ఒక బొమ్మ, నాలుగు లైన్లు. ఇప్పుడు అర్థమైంది.

శ్రీసిటీ_షిఫ్ట్_బి
మా శ్రీసిటీలో కోబెల్కో పొక్లెయిన్ల ప్లాంటు ఉంది. అది కోబే స్టీల్ వాళ్ళది, కవాసాకి కాదు, కానీ ఇద్దరిదీ కోబేయే. ఊరు ఒకటి, కంపెనీలు వేరు. చాలామంది కలిపేస్తుంటారు అని రాస్తున్నా.

కోబే_కోడలు
మావారి ఉద్యోగం వల్ల కోబేలో ఉంటున్నాం. కవాసాకిలో కాదు, వేరే చోట. హార్బర్‌ల్యాండ్‌లో నడుస్తుంటే నీళ్ళకి అవతల ఒడ్డున కవాసాకి ఓడల యార్డు కనిపిస్తుంది. అప్పుడప్పుడు నల్లటి జలాంతర్గామి వీపు నీళ్ళ పైన కనిపిస్తుంది. జపాన్ జలాంతర్గాములు కట్టేది రెండే కంపెనీలు, కవాసాకి, మిత్సుబిషి. రెండు యార్డులూ ఈ ఊళ్ళోనే.

మెరికెన్ పార్కులో మారిటైమ్ మ్యూజియం లోపల కవాసాకి వాళ్ళ ప్రదర్శనశాల ఉంది. మా పిల్లలకి అదే గుడి. తొలితరం షింకాన్‌సెన్ ముక్కు పెట్టె ఉంటుంది, పిల్లలు డ్రైవర్ సీట్లో కూర్చోవచ్చు. రెండు రోటర్ల పాత హెలికాప్టర్, పక్కన బైకుల వరస. ఒకే హాల్లో ఇవన్నీ చూస్తే మధు అడిగిన ప్రశ్న నాకూ వచ్చింది.

ఇంకో సంగతి. మొదటి అధ్యక్షుడు మత్సుకాతా కోజిరో ఓడల డబ్బుతో యూరప్‌లో బొమ్మలు, శిల్పాలు కొన్నాడు. టోక్యోలో ఉయెనోలోని పాశ్చాత్య కళల జాతీయ మ్యూజియం 1959లో తెరిచింది ఆయన సేకరణ కోసమే. భవనం లె కార్బూజియే డిజైన్. టోక్యో వెళ్తే తప్పక చూడండి.

రైలుపట్టాలు
నా వంతు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లో వీళ్ళ ఫ్యాక్టరీ ఉంది. 1974లో బైకుల కోసం పెట్టారు. తర్వాత అదే ఆవరణలో న్యూయార్క్ సబ్‌వే రైళ్ళు మొదలుపెట్టారు, ఇప్పుడు బోయింగ్ 777ఎక్స్ కార్గో తలుపులు కూడా. జెట్‌స్కీ, రైలు పెట్టె, విమానం తలుపు ఒకే చోట. మా కజిన్ న్యూయార్క్‌లో రోజూ ఎక్కే కొత్త ఆర్211 రైలు వీళ్ళదే.

గాజువాక_వెల్డర్
అందరూ పొగుడుతున్నారు, నేను చేదు సంగతి రాస్తా. విశాఖలో ఓడల పని మీద ఎన్నో ఏళ్ళుగా వెల్డింగ్ చేస్తున్నాను, అందుకే ఈ కేసు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

2017 డిసెంబరు 11. హకాటా నుంచి టోక్యో వెళ్ళే నోజోమీ 34 షింకాన్‌సెన్. దారిలో కాలిన వాసన, కింద నుంచి శబ్దం. ఒకయామాలో తనిఖీ వాళ్ళు ఎక్కారు, ఆపి చూద్దామన్నారు, అయినా బండి నడిచింది. చివరికి నగోయాలో ఆపి చూస్తే చక్రాల చట్రానికి పగులు. ఇంజినీర్లు దీన్నే బోగీ అంటారు. మనం పెట్టెని బోగీ అంటాం, కానీ నేను చెప్పేది పెట్టె కింద చక్రాల్ని మోసే ఇనుప ఫ్రేము. దాని పక్క గోడ ఎత్తు 17 సెంటీమీటర్లయితే 14 సెంటీమీటర్లు చీలిపోయింది. 3 సెంటీమీటర్లు మిగిలింది. బండి నిండా జనం.

ఆ ఫ్రేము కవాసాకి చేసింది. 2018 ఫిబ్రవరిలో కంపెనీయే చెప్పింది: అడుగు ప్లేటు కనీసం 7 మిల్లీమీటర్లు ఉండాలి, ఒకచోట 4.7కి దిగిపోయింది. ఎందుకు? వంచిన ప్లేటు అడుగు సమంగా లేదు. దానికి స్ప్రింగ్ సీటు అతకాలి. సరిగ్గా కూర్చోవడానికి పనివాళ్ళు ప్లేటుని చెక్కేశారు. అక్కడ చెక్కకూడదని కింది వరకూ చెప్పిన వాళ్ళు లేరు.

గ్రైండర్ పట్టినవాడికి తెలుస్తుంది. ముక్క కూర్చోకపోతే చెయ్యి దానంతట అదే గ్రైండర్ వైపు పోతుంది. రెండు నిమిషాల పని. పైకి నున్నగా, అందంగా కనిపిస్తుంది. ఎంత పోయిందో కంటికి ఆనదు, గేజి పెడితేనే తెలుస్తుంది. పల్చబడ్డ ప్లేటు, పక్కనే వెల్డింగు వేడి తిన్న చోటు, పైన రోజూ వేల కిలోమీటర్ల కుదుపు. పగులు పుట్టేది అక్కడే.

ఇప్పుడు మధు ప్రశ్నకి నా ప్రశ్న: విమానం చేసే కంపెనీలో, ప్రతి రివెట్‌కీ కాగితం రాసే విభాగం ఒకటి ఉండగా, రైళ్ళ వర్క్‌షాపులో ప్లేటు మందం కొలిచే అలవాటు ఎందుకు లేకపోయింది?

షేర్ల_సుబ్బారావు
గాజువాక గారు చెప్పిందే నేనంటున్నది. దీనికి తోడు 2024లో రెండు సంగతులు బయటపడ్డాయి. జలాంతర్గాముల మరమ్మతులో సరఫరాదారులతో లేని లావాదేవీలు రాసి, ఆ డబ్బుతో నౌకాదళ సిబ్బందికి వస్తువులు కొనిపెట్టడం ఒకటి. ఓడ ఇంజిన్ల పరీక్షల్లో ఇంధనం లెక్కలు మార్చడం రెండోది, అది ఏళ్ళ తరబడి దాదాపు ప్రతి ఇంజిన్‌కీ. ఇన్ని వ్యాపారాలుంటే పైన కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

పాతబండి_ప్రసాద్
ఒకే వ్యాపారం చేసే కంపెనీల్లో తప్పుడు లెక్కలు లేవా? కార్ల కంపెనీల పొగ పరీక్షల గొడవ ప్రపంచమంతా చూసింది. అవి కార్లు తప్ప ఏం చేస్తాయి?

గాజువాక_వెల్డర్
ప్రసాద్ గారూ, వేరేవాడి తప్పు చూపిస్తే ఈ ప్లేటు మందం పెరగదు.

పాతబండి_ప్రసాద్
ఒప్పుకుంటా, బోగీ ఫ్రేము విషయంలో సమర్థించేది ఏమీ లేదు. నేనన్నది సుబ్బారావు గారి కారణం గురించే.

హిమాలయం_సీత
క్రయోజెనిక్స్‌లో, అంటే అతి చల్లటి ద్రవాల రంగంలో పనిచేస్తాను, కాబట్టి మధు అడిగిన దానికి నా వైపు నుంచి గట్టి ఉదాహరణ.

ఎల్‌ఎన్‌జీని, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుని, మైనస్ 162 డిగ్రీల దగ్గర ఓడలో మోస్తారు. ఆసియాలో కట్టిన మొదటి ఎల్‌ఎన్‌జీ ఓడ కవాసాకి వాళ్ళ సకాయిదే యార్డులో తయారైంది, 1981లో. అదే కంపెనీ వేరే విభాగం తానెగషిమా రాకెట్ కేంద్రానికి ద్రవ హైడ్రోజన్ నిల్వ ట్యాంకులు కట్టింది. హైడ్రోజన్ మైనస్ 253. ఈ రెండు అనుభవాలూ కలిస్తే వచ్చిందే సుయిసో ఫ్రాంటియర్, ద్రవ హైడ్రోజన్ మోసే ప్రపంచంలో మొదటి ఓడ. 2019 డిసెంబరులో కోబేలో నీళ్ళలోకి దించారు. 2022 మొదట్లో ఆస్ట్రేలియాలోని హేస్టింగ్స్ రేవు నుంచి సరుకు కోబేకి తెచ్చింది.

ట్యాంకు 1,250 ఘనమీటర్లే, ఓడల లెక్కలో చాలా చిన్నది. కానీ అందులో పని చూడండి. లోపలో గోడ, బయటో గోడ, మధ్యలో శూన్యం. లోపలి ట్యాంకు బరువుని ఏదో ఒకటి మోయాలి కదా, మోసే ప్రతి కాలూ బయటి వేడిని లోపలికి తెస్తుంది. నేలమీద ట్యాంకైతే సన్నటి కాళ్ళు చాలు. సముద్రంలో ఓడ ఊగుతుంది, కాళ్ళు బలంగా ఉండాలి. బలంగా ఉంటే వేడి ఎక్కువ వస్తుంది. ఈ పీటముడి విప్పాలంటే అలల బరువు లెక్కగట్టే ఓడ ఇంజినీరూ, వేడి లెక్కగట్టే ట్యాంకు ఇంజినీరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. వేర్వేరు కంపెనీలైతే ఒప్పందాలు, రహస్య పత్రాలు, లాయర్లు. నా ఉద్యోగంలో ఒక చిన్న వాల్వు కోసం రెండు సంస్థల మధ్య నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. అందుకే ఒకే గొడుగు విలువ నాకు బాగా తెలుసు.

ఎర్రమట్టి
సీత గారూ, ఆ హైడ్రోజన్ ఆస్ట్రేలియాలోని లాట్రోబ్ లోయ గోధుమరంగు బొగ్గు (లిగ్నైట్) నుంచి తీసింది. బొగ్గు కార్బన్‌ని భూమిలో పాతిపెట్టకపోతే అది శుభ్రమైన ఇంధనం ఎలా అవుతుంది?

హిమాలయం_సీత
అవ్వదు. మీ అభ్యంతరం న్యాయమే. ట్యాంకు గొప్పది, అందులో ఏం పోస్తున్నామన్నది వేరే పోరాటం. రెండోది గెలవకపోతే మొదటిదానికి అర్థం తగ్గిపోతుంది.

రైలుపట్టాలు
గాజువాక అన్న అడిగిన ప్రశ్నకి సగం జవాబు నా దగ్గర ఉంది. విమాన విభాగం పని రైళ్ళకి వచ్చింది. బోయింగ్ 787 ముందు భాగం కార్బన్ ఫైబర్ గొట్టాన్ని కవాసాకి నగోయాలో చేస్తుంది. ఆ పదార్థం తెలిసిన చేతులతోనే ఈఎఫ్‌వింగ్ అని కొత్త రకం చక్రాల చట్రం తెచ్చారు. పక్క దూలాలు, కాయిల్ స్ప్రింగులు రెండూ తీసేసి వాటి స్థానంలో విల్లులా వంగే కార్బన్ ఫైబర్ స్ప్రింగు పెట్టారు. బరువు బాగా తగ్గింది, చక్రం పట్టాని వదలదు. 2014లో కుమమోతో ఎలక్ట్రిక్ రైల్వేలో నడిపించారు.

గాజువాక_వెల్డర్
కొత్త డిజైన్ వచ్చింది సరే. కొత్తది కనిపెట్టే తెలివి విభాగాల మధ్య నడిచింది, కొలిచి చూసే శ్రద్ధ నడవలేదు. నోజోమీ 34 నగోయాలో ఆగింది ఆ తర్వాత మూడేళ్ళకే.

శ్రీసిటీ_షిఫ్ట్_బి
^ ఈ మాట మా షిఫ్ట్ బోర్డు మీద రాయాలి.

పేపర్_ప్లేన్
విమానాల వైపు నుంచి: పీ-1 గస్తీ విమానం, సీ-2 రవాణా విమానం రెండిటినీ కవాసాకి విమానాల ఫ్యాక్టరీ గిఫు వర్క్స్‌లో ఒకేసారి డిజైన్ చేశారు. చూడటానికి పోలికే ఉండదు, ఒకటి నాలుగు ఇంజిన్లది, ఇంకోటి రెండింటిది. అయినా బయటి రెక్క, తోక అడ్డరెక్క, కాక్‌పిట్ అద్దాల లాంటివి ఉమ్మడిగా పెట్టి ఖర్చు తగ్గించారు.

కానీ సుబ్బారావు గారి వాదనకి బలమైన ఉదాహరణ మిత్సుబిషిది. రాకెట్లు చేస్తారు, 787 రెక్కలు చేస్తారు, ఓడలు, టర్బైన్లు, అన్నీ. సొంత ప్రయాణికుల జెట్ మాత్రం 2015లో ఎగిరి, 2023 ఫిబ్రవరిలో రద్దయింది. రెక్క చేయడం వేరు, మొత్తం విమానానికి ధ్రువీకరణ తెచ్చుకోవడం వేరు. పక్క విభాగాల్లో ఎంత విద్య ఉన్నా ఆ పని చేసిన అనుభవం ఎక్కడా లేకపోతే అరువు దొరకదు.

షేర్ల_సుబ్బారావు
ధన్యవాదాలు. 2013లో కవాసాకి, మిత్సుయి ఓడల కంపెనీతో విలీనం మాటలు నడిపినప్పుడు బోర్డు తిరగబడి అధ్యక్షుడినే దించేసింది. ఇంకా పెద్ద గొడుగు వద్దని వాళ్ళకే అనిపించింది.

హుడిబాబా_2003
2025 ఒసాకా ఎక్స్‌పోలో కవాసాకి కోర్లియో అని నాలుగు కాళ్ళ రోబో గుర్రం చూపించారు, మనిషి ఎక్కి స్వారీ చెయ్యొచ్చట, హైడ్రోజన్ ఇంజిన్. సీత గారి ట్యాంకూ, ప్రసాద్ గారి బైకూ, రోబోలూ అన్నీ ఒకే జంతువులో. నా పెళ్ళి ఊరేగింపుకి ఒకటి పంపితే బాగుండు.

కోబే_కోడలు
మా చిన్నాడు ఆ వీడియో చూసినప్పటి నుంచి స్కూలుకి దాని మీదే వెళ్తానంటున్నాడు.

పేపర్_ప్లేన్
రోబోల మాట వచ్చింది కాబట్టి: 1968లో అమెరికా రోబో కంపెనీ యూనిమేషన్‌తో ఒప్పందం చేసుకుంది కవాసాకి ఎయిర్‌క్రాఫ్టే. 1969లో జపాన్‌లో తయారైన మొదటి పారిశ్రామిక రోబో బయటికొచ్చింది. వైద్య పరికరాల కంపెనీ సిస్మెక్స్‌తో కలిసి పెట్టిన మెడికరాయిడ్ నుంచి ఇప్పుడు శస్త్రచికిత్స రోబో హినోతొరి కూడా ఉంది.

మెకానికల్_మధు
సెమినార్ అంశం ఖాయం చేసుకున్నాను. మొదట అన్నీ చెప్పాలనుకున్నా, ఇప్పుడు రెండే తీసుకుంటా: సుయిసో ఫ్రాంటియర్ ట్యాంకు కాళ్ళు, నోజోమీ 34 ప్లేటు. ఒకటి విభాగాలు కలిసి కూర్చున్న కథ, ఇంకోటి ఒకే వర్క్‌షాపులో మాట కిందికి చేరని కథ. మా వాళ్ళ బైకు వాదనకి హెచ్2 ఒక్క స్లైడ్ చాలు. రఫీ అన్నా, సెలవుల్లో బెజవాడ వస్తే పంపు విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడొచ్చా?

ఆటోనగర్_రఫీ
రా తమ్ముడూ. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం షెడ్డు మూసి ఉంటుంది. పాత చొక్కా వేసుకుని రా, ఆయిల్ మరక పోదు.

చెరువుగట్టు_కాంట్రాక్టర్
రఫీ భాయ్, ఈ చర్చ చదివే ఐడీ తెరిచాను. మా బండికి పంపు మార్చారు, కవాసాకి అని చెప్పి ఇచ్చారు, రెండు నెలలకే మధ్యాహ్నం వేడికి బూమ్ నెమ్మదిస్తోంది. డూప్లికేట్ అని ఎలా పట్టుకోవాలి?

ఆటోనగర్_రఫీ
పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక నెమ్మదిస్తే లోపల లీకేజి ఉన్నట్టే. ముందు డ్రెయిన్ లైను (పంపు లోపల కారిన ఆయిల్ బయటికొచ్చే గొట్టం) విప్పి ఎంత ఆయిల్ వస్తోందో చూడండి, ఫిల్టర్ కోసి మడతల్లో ఇత్తడి పొడి ఉందేమో చూడండి. పొడి ఉంటే బండి ఆపేయండి, నడిపితే వాల్వులన్నీ పోతాయి. అసలుదా కాదా అన్నది నేమ్‌ప్లేటు చూసి చెప్పలేం, ప్లేట్లు కూడా కొట్టిస్తున్నారు. విప్పి వాల్వ్ ప్లేటు, బూట్లు చూస్తేనే తెలుస్తుంది. పంపు సీరియల్ నంబరు, బండి మోడలు, ఎన్ని గంటలు నడిచిందో మెసేజ్‌లో పెట్టండి.